చివరి ఆదివారం

మా బావగారు పుట్టింది కార్తీకమాసంలో, సోమవారం నాడు. వాళ్ళమ్మగారు బతికున్నన్నాళ్ళూ ఆ మాట చెబుతూనే ఉండేవారు. ఉద్యోగంలోంచి దిగింది మాత్రం జూన్ 30న. సంగతేమిటంటే, ఒకటో తరగతిలో వేసిన రోజున హెడ్మాస్టారు పుట్టిన తేదీ అడిగితే వాళ్ళ నాన్నగారు తిథి చెప్పారట. మాస్టారికి తిథితో పనిలేదు. పిల్లాడి కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమచెవి అందుతోందో లేదో చూశారు. అందింది. ఐదేళ్ళు వెనక్కి లెక్కపెట్టి రిజిస్టరులో 1-7-1962 అని రాసేశారు. ఆ తరంలో జూన్, జులై నెలల్లో పుట్టినవాళ్ళు అంతమంది ఎందుకున్నారో, ఏటా జూన్ ఆఖరున మన ఆఫీసుల్లో అన్ని శాలువాలు ఎందుకు ఖర్చవుతాయో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. ఒకటో తారీఖున పుట్టినవాళ్ళు అంతకుముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలని రూలు. బావగార్ని నాలుగైదు నెలలు ముందే ఇంటికి పంపేశారో, ఏడెనిమిది నెలలు ఎక్కువే ఉంచుకున్నారో ఆ మాస్టారికి తప్ప ఎవరికీ తెలియదు.

2024 జూన్ 30 ఆదివారం పడింది. అంటే సర్వీసులో ఆఖరి రోజు సెలవు రోజన్నమాట. ఫంక్షను శనివారమే కానిచ్చేశారు. ఆదివారం మేమంతా కాకినాడలో వాళ్ళింట్లోనే ఉన్నాం. భోజనాలయ్యాక బావగారు వరండాలో పడక్కుర్చీ వాల్చుకుని, "ఏవోయ్, రేపట్నుంచి రోజూ ఆదివారమే" అన్నారు.

మూడు వారాలు తిరక్కుండానే అక్క ఫోన్ చేసింది. "మీ బావగారు పొద్దున్నే మార్కెట్టుకెళ్ళి బీరకాయలు తెచ్చారురా. ఆదివారం పూట బీరకాయలేంటండీ అంటే, ఇవాళ ఆదివారమా అన్నారు." నవ్వుతూనే చెప్పింది గానీ గొంతులో నవ్వు లేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా శనివారం సాయంత్రం నుంచే ఆదివారం కోసం చొక్కా గుండీలు వదులు చేసుకున్న మనిషి ఆయన. కోడికూర ఎవరి దగ్గర తేవాలో, ఎన్నింటికి వెళ్తే మెడ ముక్కలు అంటగట్టకుండా ఇస్తాడో లెక్కలున్న మనిషి. ఆరు రోజుల పని వెనకాల ఉంటేనే ఏడో రోజుకు ఆ రుచి. ఒకటో తారీఖున జీతం రాకపోవడం తర్వాత సంగతి. ముందు పోయింది ఆదివారం.

శాలువాలు ఇరవై ఏడు

రిటైర్మెంట్ ఫంక్షను ఇప్పుడు మన జిల్లాల్లో పెళ్ళికి ఒక మెట్టు మాత్రమే కింద. ఆఫీసు గేటుకి ఫ్లెక్సీ, అందులో బావగారి ఫొటో పాతికేళ్ళ నాటిది. అక్కకి పట్టుచీర, ఆయనకి పంచెల చాపు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిపి నూటయాభై మందికి భోజనం. శాలువాలు ఇరవై ఏడు, గోడ గడియారాలు మూడు. ఇంక టైముతో పనిలేనివాడికి గడియారం ఎందుకిస్తారో ఎప్పుడూ అర్థం కాదు. వచ్చి రెండు నెలలు కూడా కాని ఆఫీసరు "వారు లేని లోటు తీరనిది" అని మాట్లాడారు. అందరి మాటల్లోకీ ఒక్క అటెండరు మాటే నాకు గుర్తుంది. "మన్యం నుంచి వచ్చినోళ్ళకి సారు అన్నం మానేసి మరీ అర్జీలు రాసిపెట్టేవారండి. ఇప్పుడెవరు రాస్తారో మరి" అని, మైకు పట్టుకోవడం అలవాటులేక దాన్ని పక్కవాడి చేతిలో పెట్టేసి వెళ్ళి కూర్చున్నాడు.

మర్యాద ప్రకారం ఆఫీసువాళ్ళు ఆయన్ని జీపులో ఇంటిదాకా తెచ్చి, సోఫాలో కూర్చోబెట్టి, టీ తాగి వెళ్ళిపోయారు. అప్పగింతలు పూర్తయినట్టే. అందరూ వెళ్తూ వెళ్తూ "అప్పుడప్పుడు వస్తూండండి సార్" అన్నారు. ఆ మాట నమ్మి ఆయన ఆగస్టులో అరకిలో కాజాలు పట్టుకుని వెళ్ళారు. తన సీట్లో కొత్తాయన. మర్యాదగానే "కూర్చోండి సార్" అని ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు. ఆ రాత్రి బావగారు నాతో అన్నది ఇది: "ఆ గదిలో అటువైపు ఎప్పుడూ కూర్చోలేదోయ్. ఫ్యాను గాలి అక్కడికి రాదు. పాపం ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళంతా అక్కడే కూర్చున్నారు."

శాలువాల సంగతి అక్క తేల్చేసింది. పూలమ్మికి, గుళ్ళో పంతులుగారికి, వీధి చివర అపార్టుమెంటు వాచ్‌మన్‌కి తలొకటి. రెండు ఇస్త్రీబల్ల మీదకి. ఒకటి వాషింగ్ మెషిన్ కప్పుకుంది.

ఇరవై రోజుల నోటీసు

ముందే తెలిస్తే సిద్ధపడతాం అంటారు. మా ఇంట్లో రెండు రకాలూ చూశాం. 1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు, ఫిబ్రవరిలో ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి దించేశారు. మా నాన్నగారికి అప్పటికి యాభై ఆరు. ఇరవై రోజుల్లో, ఆ నెలాఖరుకి, వేలమందితోపాటు ఆయనా ఇంటికొచ్చేశారు. నాకు పదమూడేళ్ళు, అక్కకి పెళ్ళి కాలేదు. శాలువా లేదు, ఒక పూలదండ, కారప్పూస, టీ. తర్వాత వయసు మళ్ళీ 58కి తెచ్చారు గానీ పోయిన రోజులు ఎవరు తెస్తారు? మార్చి ఒకటిన పొద్దున తొమ్మిదిన్నరకి నాన్నగారు యథాప్రకారం టిఫిను చేసి, చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు. అమ్మ వచ్చి "ఎక్కడికండీ?" అనలేదు. సంచీ అందించి "చింతపండు అయిపోయింది" అంది.

బావగారిది దానికి పూర్తిగా తిరగబడ్డ కథ. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వయసు 60 అయింది. ఆ లెక్కన 2022 జూన్‌లో దిగిపోవాలి. డైరీలో రోజులు కొట్టేసుకుంటూ, సెలవులు నగదు చేసుకునే లెక్కలు వేసుకుంటూ ఉంటే, ఆ ఏడాది జనవరిలో వయసు 62కి పెంచారు. అవతల తెలంగాణలో అంతకు ముందే 61 చేశారు. అలా ఆయనకు సిద్ధపడడానికి రెండేళ్ళు అదనంగా దొరికాయి. ఏం చేశారంటే, అందరూ చేసేదే. పిల్లాడి ఫ్లాటుకి ఎంత సర్దాలి, పిల్ల పెళ్ళి అప్పు ఎంత మిగిలింది, వచ్చే మొత్తంలో బ్యాంకులో ఎంత వేయాలి. ఆ రెండేళ్ళూ లెక్కలే. 2024 జులై ఒకటి సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఆయన కూడా చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఇరవై రోజుల నోటీసుకీ రెండేళ్ళ గడువుకీ తేడా ఆ గుమ్మం దగ్గర నాకేం కనిపించలేదు.

ఆ రోజు ఆయన ఫోను మాత్రం తీరిక లేకుండా మోగింది. రికార్డుల ప్రకారం పుట్టినరోజు కదా, బ్యాంకు, ఇన్సూరెన్సు, గ్యాసు కంపెనీ అంతా శుభాకాంక్షలు పంపాయి.

పెన్షన్, పింఛను

అదే సోమవారం పొద్దున్నే వీధిలో ఇంకో సందడి. సచివాలయం ఉద్యోగులు ఇంటింటికీ పింఛన్లు పంచుతున్నారు. పెంచిన నాలుగు వేలు, దాని మీద మూడు నెలల బకాయి మూడు వేలు, మొత్తం ఏడు వేలు. ఇస్త్రీ బండి అతని తల్లి వేలిముద్ర వేసి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. ఆవిడ బావగారికంటే పదేళ్ళు పెద్దది, అప్పటిదాకా బొగ్గులు రాజేసింది, మళ్ళీ వెళ్ళి అదే పనిలో కూర్చుంది.

ఒకే ఇంగ్లీషు మాటని మనం రెండుగా చీల్చుకున్నాం. ఆఫీసు నుంచి వచ్చేది పెన్షన్, పేదవాళ్ళకి వచ్చేది పింఛను. పెన్షన్ తీసుకునేవాడు రిటైరైనట్టు, పింఛను తీసుకునేవాళ్ళు రిటైరవనట్టు. కౌలు రైతుకీ, మగ్గం మీద కూర్చున్నవాడికీ, ఇళ్ళల్లో అంట్లు తోమే మనిషికీ ఆఖరి పనిదినం అంటూ ఏదీ ఉండదు. ఒళ్ళు లేవని రోజున అదే తెలుస్తుంది.

ఈ రెంటికీ నడుమ ఇరుక్కున్నవాళ్ళు ప్రైవేటు కంపెనీల్లో పనిచేసినవాళ్ళు. పీఎఫ్ పెన్షన్‌ లెక్కకి జీతం ఎంతున్నా సాధారణంగా పదిహేను వేలే పట్టుకుంటారు. దాన్ని సర్వీసుతో గుణించి డెబ్బైతో భాగిస్తారు. ముప్పై అయిదేళ్ళు ఎండనకా వాననకా పనిచేసినవాడికి ఆ లెక్కన వచ్చేది నెలకు ఇంచుమించు ఏడున్నర వేలు. కనీస పెన్షన్ వెయ్యి రూపాయలని 2014లో పెట్టారు. వెయ్యి రూపాయలకు ఆ ఏడాది ఏమొచ్చేదో ఇప్పుడేమొస్తుందో మీరే లెక్కేసుకోండి. ఇక ప్రభుత్వ ఉద్యోగుల్లోనే 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్ళది కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సీపీఎస్). చివరి జీతంలో సగం అనే పాత భరోసా ఆ పథకంలో లేదు. బావగారి సెక్షన్లో ఆయన తర్వాత రిటైరయ్యేవాళ్ళలో ఇద్దరు ఆ బాపతే. ఆ ఇద్దరూ ఆయన ఫంక్షన్లో ముందు వరసలో కూర్చుని, మిగతావాళ్ళు అక్షింతలు వేస్తుంటే వేళ్ళమీద ఏవో లెక్కలు కట్టుకుంటున్నారు.

పెన్షన్ సర్కారు దయాదాక్షిణ్యం కాదు, చేసిన సేవకు దక్కాల్సిన హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది 1982 డిసెంబరు 17న. రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి దిగిన డి.ఎస్. నకారా వేసిన కేసు అది. అందుకే డిసెంబరు 17న మన పట్టణాల్లో పెన్షనర్ల భవనాలకి మామిడాకులు కడతారు. బావగారు మొదటి ఏడాదే వెళ్ళొచ్చారు, అప్పటికి ఆయనకి మొదటి పెన్షన్ వచ్చి నెల తిరగలేదు.

జాయింట్ ఫొటో

అంత ఆలస్యం ఎందుకైందంటే అక్క పేరు వల్ల. పెన్షన్ కాగితాలు దిగిపోవడానికి ఎంతో ముందే మొదలవుతాయి. వాటిల్లో భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్న జాయింట్ ఫొటో ఒకటి. పెళ్ళినాటి ఫొటో తర్వాత వీళ్ళిద్దరే పనిగట్టుకుని స్టూడియోకి వెళ్ళి దిగింది అదొక్కటే. ఫొటోగ్రాఫరు "కొంచెం దగ్గరగా జరగండి మేడం" అంటే, ముప్పై ఆరేళ్ళ కాపురం తర్వాత అక్క సిగ్గుపడిందట. పుట్టుమచ్చలు రాయాలి. అక్కకి మెడ కింద ఒకటుందని బావగారికి కాగితం చూసేదాకా తెలియదు. "రాసుకోండి, ఇప్పటికైనా తెలిసింది" అంది అక్క.

కాగితాలన్నీ వెళ్ళాయి. వెనక్కి తిరిగొచ్చాయి. సర్వీసు రిజిస్టరులో 1988లో అక్క పేరు రెండు మాటలుగా పుట్టింటి ఇంటిపేరుతో రాశారు. ఆధార్‌లో ఒక మాట ఎగిరిపోయి అత్తింటి ఇంటిపేరు చేరింది. ఇద్దరూ ఒకరేనని రుజువేమిటని ప్రశ్న. పెళ్ళి శుభలేఖ పనికిరాదు, పదో తరగతి సర్టిఫికెట్లో మూడో రకంగా ఉంది. అఫిడవిట్టు, తహసీల్దారు ధ్రువపత్రం, ఇంకో అఫిడవిట్టు. ఊళ్ళో సగంమందికి కాగితాలు రాసిపెట్టిన మనిషి తన భార్య పేరు ఒక్కసారీ సరిచూసుకోలేదు. పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) చేతికొచ్చేసరికి నవంబరు. ఇది ముందే చూసుకోవాల్సిన పని. మీ సర్వీసు రిజిస్టరులో ఉన్న పేరుకీ, మీ ఆవిడ ఆధార్‌లో ఉన్న పేరుకీ అక్షరం తేడా ఉంటే ఆ తేడా మీ తర్వాత ఆవిడ మెడకు చుట్టుకుంటుంది. ఫ్యామిలీ పెన్షన్ ఆ పేరు మీదే రావాలి.

మరో చిక్కు కమ్యుటేషన్. పెన్షన్‌లో నలభై శాతం దాకా ముందే అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. చేతికొచ్చేది ఇంచుమించు ఎనిమిదేళ్ళ మొత్తం, నెలనెలా కోత పడేది పదిహేనేళ్ళు. ఇందులో వడ్డీ ఎంత పడుతోందని బావగారు మూడు రాత్రులు లెక్కవేసి, చివరికి అందరిలాగే పూర్తిగా తీసుకున్నారు. కొడుకు హైదరాబాదులో ఫ్లాటు కొంటున్నాడు మరి.

మిగిలిన డబ్బు బ్యాంకులో పడిందో లేదో, ఆ డబ్బు వాసన ఎలా పసిగడతారో గానీ, ఫోన్లు మొదలయ్యాయి. వెంచరు ప్లాట్లవాళ్ళు, చీటీలవాళ్ళు, దూరపు చుట్టాలు. అన్నిటికంటే గట్టిగా దెబ్బకొట్టింది తెలిసిన బ్యాంకే. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి "సార్, ఎఫ్‌డీ కంటే మంచిది" అని నాలుగు చోట్ల సంతకాలు పెట్టించారు. ఇంటికొచ్చాక కాగితాలు నేను చూశాను. ఏటా మూడు లక్షల చొప్పున పదేళ్ళు కట్టాల్సిన బీమా పాలసీ! అరవై రెండేళ్ళ పెన్షనరు చేత పదేళ్ళ ప్రీమియం. నచ్చకపోతే పాలసీ చేతికొచ్చిన ముప్పై రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయవచ్చని నిబంధన ఉంది కాబట్టి బతికిపోయాం. ఇరవై ఆరో రోజున రద్దు ఉత్తరం ఇచ్చాం. ఆ తర్వాత ఆయన పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేశారు. గరిష్ఠ పరిమితి ముప్పై లక్షలు, అయిదేళ్ళు, అప్పటి వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి చేతికొస్తుంది. నిండుగా ముప్పై లక్షలు వేస్తే మూణ్ణెల్లకి 61,500. ఇందులో గొప్ప తెలివితేటలేం లేవు. ఏసీ లేదు, కాఫీ ఇవ్వరు, అంతే.

ఇంకో మాట కూడా ఇక్కడే. ఇల్లు బతికుండగానే పిల్లల పేర రాసేద్దామని చాలామందికి ఈ వయసులోనే పుడుతుంది. రాయకండి అనను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో, చూసుకోకపోతే ఆ రాసిచ్చింది రద్దుచేయమని ఆర్డీఓ దగ్గరికి వెళ్ళే దారి ఉంది. కానీ 'మమ్మల్ని చూసుకోవాలి' అన్న షరతు గిఫ్టు డీడులోనే రాసి ఉంటే ఆ దారి సాఫీగా ఉంటుంది. లేకపోతే కోర్టులో వాదనలు. కొడుకు ఎదుట ఆ మాట రాయించడానికి మొహమాటపడితే, రేపు ఆర్డీఓ ఎదుట చెప్పడానికి ఇంకెంత మొహమాటపడాలి?

కొత్త సూపరింటెండెంట్

డబ్బు గొడవ ఆరు నెలల్లో సద్దుమణిగింది. ఇంటి గొడవ అప్పటికి ముదురుతోంది. అక్క మాటల్లో, "నా ఆఫీసుకి కొత్త సూపరింటెండెంట్ వచ్చాడురా."

ముందు పాలకి రిజిస్టరు పెట్టారు. తేదీ, లీటర్లు, రేటు, సంతకం. సంతకం పాలబ్బాయిది. తర్వాత పోపుల పెట్టె మీద పడ్డారు. మెంతులకి మెంతులని, జీలకర్రకి జీలకర్రని తెల్లకాగితాల మీద రాసి అంటించారు. కళ్ళుమూసుకుని చెయ్యిపెట్టినా ఏ గిన్నెలో ఏముందో తెలిసిన మనిషికి! సిలిండరు ఎన్నాళ్ళొచ్చిందో క్యాలెండరులో గుర్తుపెట్టి, "పోయినసారి కంటే నాలుగు రోజులు తక్కువొచ్చింది" అన్నారు. అక్క స్టవ్వు కట్టేసి, "మీరు రెండుపూటలా మూడుసార్లు కాఫీ అడుగుతున్నారు, ఆ నాలుగు రోజులు అందులో ఉన్నాయి" అంది.

మనం గమనించని సంగతి ఒకటుంది. ఆయన ఆఫీసుకి వెళ్ళినన్నాళ్ళూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆ ఇల్లు అక్కది. వంటయిపోయాక తల దువ్వుకుని, వరండాలో ఎండ పడేచోట కూర్చునేది. మంగళ, శుక్రవారాల్లో నలుగురు ఆడవాళ్ళు లలితా పారాయణకి వచ్చేవాళ్ళు, పారాయణ అరగంట, కబుర్లు గంటన్నర. బావగారు ఇంట్లో ఉండడం మొదలయ్యాక వాళ్ళు తగ్గిపోయారు. ఆయనేమీ అనరు. పక్కగదిలో పేపరు తిరగేస్తారు. ఆ చప్పుడు చాలు.

ఈ దేశంలో రిటైర్మెంట్ మీద వచ్చే సలహాలన్నీ మగవాడికే. నడవండి, యోగా చెయ్యండి, మనవళ్ళతో ఆడుకోండి. ఇంటినిండా ఆయన నిండిపోయాక ఆవిడ ఎటు జరగాలో ఎవరూ చెప్పరు. అక్కే చెప్పింది. ఒకరోజు పెసరట్టు పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆఫీసు ఉత్తర్వులాగే చెప్పింది. "పదకొండు నుంచి ఒంటిగంట దాకా మీరు ఇంట్లో ఉండకండి. ఎక్కడికెళ్తారో నాకక్కర్లేదు." ఆయన రెండు రోజులు అలిగి, మూడో రోజు జిల్లా గ్రంథాలయానికి వెళ్ళారు.

మధ్యలో సొంతూరు వెళ్ళి ఉందామన్న ఆలోచన కూడా వచ్చింది. శ్రీరమణ 'మిథునం' చదివి, 2012లో తనికెళ్ళ భరణి దాన్ని సినిమా తీస్తే చూసి, పెరడు, పాడి, ఇద్దరే ఇద్దరు అని కలలుకనని రిటైరీ మన దగ్గర ఉండడు. కోనసీమలో ఉన్న ఆ ఇంట్లో బావగారి వాటా ఒక గదీ, ముప్పావు వరండా. గుండె డాక్టరు దగ్గరికి గోదావరి దాటాలి. నాలుగు రోజులుండి దోమలతోపాటు తిరిగొచ్చారు.

చెరువుగట్టు మీద డిపార్టుమెంట్లు

2025 ఏప్రిల్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న కూతురికి పురుడు. ఇద్దరూ వెళ్ళారు, ఆరు నెలలు ఉండనిచ్చారు. మన రిటైరైన తల్లిదండ్రుల్లో ఎంతమందికి అమెరికా అంటే ఇదే: నువ్వులపొడి, కాయం, ఆవకాయ మూటగట్టుకుని వెళ్ళడం, పురుడు పోయడం, వీసా తేదీకి తిరిగిరావడం. అక్కకి అక్కడా వంటే. తేడా ఒక్కటే, కిటికీలోంచి ఎవరూ పలకరించరు.

బావగారికి కారు నడపడం రాదు. రాకపోతే అక్కడ మనిషి ఇంట్లో బీరువా లాంటివాడు. పొద్దున ఎండెక్కకముందే కాలనీ చెరువు చుట్టూ నడిచేవారు. నాలుగోరోజు బెంచీ మీద ముగ్గురు మనవాళ్ళు. పేర్లు తర్వాత, మొదటి ప్రశ్న "ఏ డిపార్టుమెంటండీ తమది?" ఒకరు ఆర్టీసీలో డిపో కంట్రోలరు, ఒకరు విశాఖ ఉక్కులో ఫోర్‌మన్, ఇంకొకరు గోదావరిఖని బొగ్గుబావిలో ఓవర్‌మన్. దాదాపు తొమ్మిదివేల మైళ్ళ అవతల టెక్సాస్ ఎండలో కూర్చుని వాళ్ళు నలుగురూ డీఏ బకాయిల గురించి మాట్లాడుకున్నారు. మనిషి దిగిపోతాడు గానీ డిపార్టుమెంటు ఆయన్ని వదలదు. ఇది చూసి అక్కడి పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు. తమ పేరు సరిగ్గా పలికే మనుషులు ఆ చెరువుగట్టు మీద ఆ నలుగురే.

ముందే మొదలైనవి

'రిటైరయ్యాక' అనే మాటతో మొదలయ్యే వాక్యాలు బావగారి దగ్గర చాలా ఉండేవి. రిటైరయ్యాక వీణ నేర్చుకుంటా, రిటైరయ్యాక భారతం మొత్తం చదువుతా. వీణ కొన్నారు కూడా. అది ఇప్పుడు మంచం కింద ఉంది. నాకు తెలిసిన అందరిలోనూ ఇదే చూశాను. దిగిపోయాక మొదలుపెడదామనుకున్నవి మొదలుకావు. అంతకుముందే ఓ మూల కొద్దికొద్దిగా నడుస్తున్నవే పెరుగుతాయి.

కాళీపట్నం రామారావు గారిని చూడండి. విశాఖ సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో 31 ఏళ్ళు మాస్టారుగా చేసి 1979లో రిటైరయ్యారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు, తనకొచ్చిన పురస్కారాల సొమ్ము పోసి. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని ఊరూరా తిరిగి పాత పత్రికలు పోగేశారు. 2021లో 96 ఏళ్ళ వయసులో పోయేదాకా ఆయన్ని 'కారా మాస్టారు' అనే పిలిచారు. కథ మీద ఆ పిచ్చి ఆయనకి పెన్షన్‌తోపాటు వచ్చింది కాదు. ఆంధ్రా యూనివర్సిటీ నుంచి 1989లో రిటైరైన చిలుకూరి శాంతమ్మ గారు తొంభై దాటాక కూడా చంకకర్రల సాయంతో విశాఖ నుంచి విజయనగరం వెళ్ళి ఫిజిక్స్ చెప్పారు. ఆవిడకి అది కొత్త పనా? హైదరాబాదు రోడ్ల గుంతలు సొంత పెన్షన్‌తో పూడ్చిన గంగాధర తిలక్ కట్నం గారు ముప్పై అయిదేళ్ళు రైల్వేలో పనిచేసినవారు. పట్టాల మీద వంకర కంటపడితే ఊరుకోని కన్నే రోడ్డు మీద గుంతనీ చూసి ఉంటుంది.

బావగారి మూల ఎక్కడుందో ఆయనకే తెలియదు. గ్రంథాలయంలో మొదటి నెలలు పేపర్లు చదివారు, అన్ని పేపర్లూ, వివాహ ప్రకటనలతో సహా. అమెరికా నుంచి వచ్చాక ఒకరోజు తన కింద పనిచేసిన టైపిస్టు భార్య గ్రంథాలయానికే వెతుక్కుంటూ వచ్చింది. అతను పోయి ఎనిమిది నెలలైంది, ఫ్యామిలీ పెన్షన్ రాలేదు. కాగితంలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. బావగారు జేబులోంచి పెన్ను తీశారు. ఏ అఫిడవిట్టు ముందు, ఏది వెనక, తహసీల్దారు కార్యాలయంలో ఏ బల్ల దగ్గరికి వెళ్ళాలి, కాగితం ఎక్కడ ఆగుతుంది, ఇవన్నీ ఆయనకి ఇప్పుడు సొంత అనుభవం. రెండు నెలల్లో ఆవిడకి పెన్షన్ వచ్చింది. ఆవిడ ఇంకొకావిడని పంపింది.

ఇప్పుడు పదకొండింటికి గ్రంథాలయంలో ఆయన బల్ల దగ్గర ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. పెద్దవాళ్ళ లైఫ్ సర్టిఫికెట్లు కూడా ఆయన ఫోన్లోనే. ముఖం తెర మీద గుండ్రంలో పెట్టి రెప్ప వేయమంటుంది అది. "మామ్మగారూ, రెప్ప వెయ్యండి" అంటే ఆవిడ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని తెరవదు. "మూసేయకండి మామ్మగారూ, బతికున్నారని చెప్పాలి మనం" అంటారు. పాల రిజిస్టరు ఇంట్లోంచి ఇక్కడికి మారింది. తేదీ, పేరు, ఏ కాగితం, ఎక్కడ ఆగింది. బల్లకి ఇటువైపు ఆయన, అటువైపు వచ్చినవాళ్ళు. ఒకటే ఫ్యాను. మొదటి వారమే దాన్ని అటువైపు తిప్పించారట.

పోయిన ఆదివారం నేను కాకినాడలోనే ఉన్నాను. బావగారు తొమ్మిదింటికే మార్కెట్టు నుంచి వచ్చి, సంచీ వంటింటి గుమ్మంలో పెట్టి, చొక్కా గుండీలు విప్పుకుని పడక్కుర్చీలో కూలబడ్డారు. ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి, ఏదో ఫారం గురించి.

"ఇవాళ ఆదివారం కదమ్మా, సెలవు. రేపు పదకొండింటికి రండి" అన్నారు.

వంటింట్లోంచి అక్క బయటికొచ్చింది. నా వైపు ఒకసారి చూసి, పచ్చి చిక్కుడుకాయల బుట్ట తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"నాకూ ఇవాళ సెలవే. ఈనెలు తియ్యండి."